ప్రేగుపుండును మాన్పు సారము: ఒక శతాబ్దపు అన్వేషణ

గాయపడిన కుక్క తన గాయమును తానే నాకుకొనుట పల్లెపట్టులలో అందఱును చూచినదే. కత్తిపీట తగిలి వ్రేలు తెగినవారు, ఎవరును చెప్పకపోయినను, ఆ వ్రేలిని వెంటనే నోట పెట్టుకొందురు. ఇది ఉత్త అలవాటు కాదు. నోటిలోని లాలాజలము ఆహారమును తడిపి మ్రింగుటకు అనువుగా చేయుటతో ఊరకుండక, తెగిన చర్మమును, చితికిన ప్రేగుపొరను మఱల కూర్చుటకు తోడ్పడు ఒక ప్రోటీనును మోసికొని పోవుచున్నది. ఈ సత్యము తేటపడుటకు 20వ శతాబ్దములో సగముకంటె ఎక్కువ కాలము పట్టెను. మూడు పరిశోధక బృందములు మూడు వేర్వేఱు ప్రశ్నలతో బయలుదేరి, తుదకు ఒక్కచోటనే కలిసికొనుట ఆ చరిత్రలోని విశేషము. ఆ మార్గమంతటను కుక్కలును, చిట్టెలుకలును, ఎలుకలును ప్రాణము లొసగినవి. ఆ ప్రాణములకు ప్రతిఫలముగా రోగులకు లభించినదేమి, లభింపనిదేమి, లభింపకపోవుటకు కారణమేమి అనునవి తెలిసికొనదగిన విషయములు.

కడుపులోని తూనిక

జీర్ణాశయము ఆహారమును అరగించుటకై హైడ్రోక్లోరికామ్లమును, పెప్సిన్ అను ఎంజైమును స్రవించును. మాంసమును కరగింపగల ఈ రసము తన గోడను తాను కరగించుకొనకుండుటయే ఒక వింత. జిగురుపొర, క్షారద్రవము, రక్తప్రసారము, ఎడతెగక పుట్టు క్రొత్త జీవకణములు అను నాలుగును ఆ గోడను కాపాడుచుండును. చిన్నప్రేగు లోపలిపొర మూడు నుండి ఐదు దినములలో పూర్తిగా క్రొత్తదగును. కూల్చు శక్తికిని, కట్టు శక్తికిని నడుమనుండు తూనిక తప్పినపుడు గోడలో గుంటపడును. అదియే అల్సరు, కడుపులో పుండు అని తెలుగువారి వాడుక. జీర్ణాశయము దాటిన వెంటనే వచ్చు ఆంత్రమూలమునందు, అనగా చిన్నప్రేగు మొదటి భాగమునందు, ఈ పుండు తఱచుగా పుట్టును.

ఈ వ్యాధి దక్షిణభారతమున అధికమని 20వ శతాబ్దపు వైద్యులు పలుమారు గుర్తించిరి. రైల్వే వైద్యాధికారియైన డాక్టరు ఎస్. ఎల్. మల్హోత్రా దేశము నలుమూలల పనిచేయు రైల్వే ఉద్యోగులలో ఈ వ్యాధి వ్యాప్తిని పరిశీలించి, 1964లో ‘గట్’ అను బ్రిటిష్ వైద్యపత్రికయందు ఒక వ్యాసము ప్రకటించెను. ఒకే సంస్థలో కొలువు చేయువారైనను, అన్నము ప్రధానాహారముగాగల దక్షిణాదివారికి ఈ వ్యాధి ఎక్కువగను, గోధుమరొట్టెలు తిను ఉత్తరాదివారికి తక్కువగను కనబడెను. రొట్టెను బాగుగా నమలవలెను. నమలినకొలది లాలాజలము ఊరును. ఆ లాలాజలమే కడుపును కాపాడుచున్నదని ఆయన ఊహించెను. వ్యాధికి ముఖ్యకారణము మఱియొకటియని తరువాత తేలినను, ఆయన దృష్టి లాలాజలముమీద నిలుచుట వ్యర్థము కాలేదు. లాలాజల గ్రంథినుండి ఒక వింత ప్రోటీను 1962 నాటికే అమెరికాలో బయటపడియుండెను. అయితే దానిని కనుగొనిన శాస్త్రజ్ఞుడు వెదకినది కడుపుపుండునకు మందు కాదు. ఆ విషయమునకు ముందు కుక్కల సంగతి చెప్పవలసియున్నది.

మేయో వైద్యశాల కుక్కలు

ఒక రోగమునకు మందు కనుగొనవలెననిన, ఆ రోగమును పరిశోధనశాలలో కోరినపుడు కల్పింపగలుగవలెను. అమెరికాలోని రోచెస్టరు నగరమున మేయో వైద్యశాలకు చెందిన ఫ్రాంక్ మాన్, కార్ల్ విలియంసన్ అను ఇరువురు 1923లో ఆ పని సాధించిరి. ఆంత్రమూలములోనికి దిగు పైత్యరసము, క్లోమరసము క్షారగుణము కలవి. జీర్ణాశయమునుండి వచ్చు ఆమ్లపు వాడిని అవి విఱిచివేయును. వీరు కుక్కలకు శస్త్రచికిత్స చేసి, ఆ రసములు చిన్నప్రేగు చివరిభాగములో పడునట్లు మళ్లించి, జీర్ణాశయమును నేరుగా ప్రేగు నడిమిభాగమునకు కుట్టిరి. విఱుగుడు లేని ఆమ్లము ప్రేగుమీద పడెను. అతుకునకు కొంచెము దిగువగా పుండు పుట్టెను. శస్త్రచికిత్స పొందిన కుక్కలలో అత్యధికభాగము ఈ పుండు పాలయినవి. పుండు ప్రేగును తొలిచివేయుటవలననో, రక్తస్రావమువలననో అవి మరణించుచుండెను.

నాటినుండి ‘మాన్-విలియంసన్ కుక్క’ యను మాట వైద్యగ్రంథములలో పారిభాషికపదమయ్యెను. ఆమ్లము పుండు పుట్టించునని ఈ ప్రయోగము నిరూపించెను. ఏ మందునైనను పరీక్షించుటకు కఠినమైన గీటురాయి దొరకెను. ఈ కుక్కలలో పుండు తనంతట మానుట అరుదు కనుక, మానినయెడల దానిని మందు మహిమ యనక తప్పదు.

మూత్రములో దాగిన మందు

డిట్రాయిటు నగరపు వైద్యుడు డేవిడ్ శాండ్‌వైస్ దృష్టిని ఒక చిన్న విషయము ఆకర్షించెను. కడుపుపుండుతో బాధపడు స్త్రీలకు గర్భము ధరించిన కాలమున బాధ ఉపశమించుచుండెను. ఆయనయు, ఆయన సహచరులును 70 వేలకు పైబడిన గర్భవతుల ఆసుపత్రి దాఖలాలను వెదకగా, నిస్సందేహముగా నిర్ధారణయైన పుండు ఒక్కటి మాత్రమే కానవచ్చెను. గర్భవతి శరీరమున పుండును మాన్పు పదార్థ మేదియో పుట్టుచున్నదని శాండ్‌వైస్ తలంచెను. అట్టిది రక్తమునుండి మూత్రములోనికి దిగియుండవచ్చును గదా!

1930ల చివర ఈ బృందము గర్భవతుల మూత్రమునుండి సారమును తీసి మాన్-విలియంసన్ కుక్కలకు సూదిమందుగా ఇచ్చెను. మందు పొందని కుక్కలకంటె మందు పొందినవి ఎక్కువకాలము జీవించినవి. వాటి ప్రేగులను సూక్ష్మదర్శినితో చూడగా, పుండు అడుగున క్రొత్త రక్తనాళములు మొలచుటయు, పూడికకణములు నిండుటయు, పైపొర అంచులనుండి ప్రాకి గుంటను కప్పుటయు గోచరించెను. పిమ్మట గర్భము లేనివారి మూత్రమునందును ఆ గుణము కలదని తేలెను. శాండ్‌వైస్ దానికి ‘ఆంథెలోను’ అని పేరిడెను.

ఇదే కాలమున చికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున ఆండ్రూ ఐవీ బృందము మఱియొక ప్రశ్నకు సమాధానము వెదకుచుండెను. మూత్రసారమును కుక్కలకు ఎక్కించినయెడల వాటి జీర్ణాశయములో ఆమ్లస్రావము తగ్గుచున్నదని వారు కనుగొని, ఆ పదార్థమునకు ‘యూరోగాస్ట్రోను’ అని నామకరణము చేసిరి. ఆమ్లమును తగ్గించుటయే వైద్యమని ఒక పక్షము. ఆమ్లము తగ్గకున్నను పుండు మానుచున్నదని మఱియొక పక్షము. ఒకటి కూల్చువాని చేయి పట్టుకొనుట, రెండవది కట్టువానికి చేయూతనిచ్చుట. ఈ వాదము చాలకాలము తెగలేదు. పదార్థము శుద్ధరూపమున దొరకనంతకాలము తెగునది కాదు. మూత్రములో దాని పరిమాణము అత్యల్పము. వందలకొలది లీటర్లను వడగట్టినను చేతికి చిక్కునది లేశమాత్రము.

ముందుగా తెఱచుకొనిన కనురెప్పలు

మూడవ బృందమునకు కడుపుతో సంబంధమే లేదు. సెయింట్ లూయీ నగరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో రీటా లెవీ-మొంటాల్చీనీ యను ఇటలీ దేశపు విదుషీమణి నాడులు పెరుగుటకు కారణమైన పదార్థమును పరిశీలించుచుండెను. జీవరసాయన శాస్త్రజ్ఞుడైన స్టాన్లీ కోహెన్ 1953లో ఆమెకు తోడయ్యెను. ఆ నాడీవృద్ధికారకము మొదట చిట్టెలుకల కంతిలోను, పిమ్మట పాముకోఱల విషములోను లభించెను. పాము విషగ్రంథికి సమానమైనది క్షీరజంతువులలో లాలాజల గ్రంథియే. అందుచేత కోహెన్ మగ చిట్టెలుకల దవుడ క్రింది లాలాజల గ్రంథిని పరీక్షించెను. నాడీవృద్ధికారకము అందు సమృద్ధిగా లభించెను.

ఆ గ్రంథిసారమును అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్లలకు ఎక్కించినపుడు అనుకొనని వింత జరిగెను. సాధారణముగా 12 నుండి 14 దినములకు తెఱచుకొనవలసిన కనురెప్పలు ఏడవ దినమునకే తెఱచుకొనినవి. పండ్లును త్వరగా మొలచినవి. ఇది నాడీవృద్ధికారకము పని కాదు. గ్రంథిలో రెండవ పదార్థ మొకటి యుండవలెను. దీనిని తోసివేసి తన పని తాను చూచుకొనినచో కోహెనును తప్పుపట్టువారుండరు. ఆయన అట్లు చేయలేదు. నాష్‌విల్ నగరమునందలి వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమునకు మాఱిన పిమ్మట, 1962లో ఆ పదార్థమును వేఱుచేసి ప్రకటించెను. చర్మపు పైపొర కణములను పెంచునది కావున దానికి ‘ఎపిడెర్మల్ గ్రోత్ ఫాక్టరు’ అను పేరు స్థిరపడెను. తెలుగున పైపొర వృద్ధికారకము అనవచ్చును. కుందేళ్ల కంటిలో నల్లగ్రుడ్డుపై పొరకు తగిలిన గాయమును ఇది త్వరగా మాన్పునని 1973 నాటికి తేలెను. 1986లో కోహెన్, లెవీ-మొంటాల్చీనీలకు నోబెల్ బహుమానము లభించెను.

మూడు దారుల కూడలి

ఇంగ్లండులో ఐ.సి.ఐ. అను రసాయన సంస్థకు చెందిన గ్రెగరీ మానవమూత్రమునుండి యూరోగాస్ట్రోనును శుద్ధిచేసి, దాని నిర్మాణమును 1975లో ‘నేచర్’ పత్రికయందు ప్రకటించెను. అది 53 అమైనో ఆమ్లముల గొలుసు. కోహెన్ బృందము చిట్టెలుకనుండి తీసిన వృద్ధికారకము నిర్మాణము అప్పటికి మూడేండ్లుగా లోకమునకు తెలిసియుండెను. దానియందును 53 అమైనో ఆమ్లములే. రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూడగా 37 స్థానములలో ఒకే అక్షరములు! చిట్టెలుక కనురెప్పలను తెఱపించినదియు, కుక్క కడుపులో ఆమ్లమును తగ్గించినదియు వేర్వేఱు జాతులలో ఒకే పదార్థము. పరీక్షించి చూడగా చిట్టెలుక పదార్థము ఆమ్లమును తగ్గించుచుండెను. మానవ పదార్థము కణములను పెంచుచుండెను. శాండ్‌వైస్ చూచిన క్రొత్త రక్తనాళములకును, ప్రాకిన పైపొరకును అర్థము అప్పుడు గోచరించెను.

1978లో మఱియొక అంశము తేలెను. ఈ వృద్ధికారకము మానవశరీరమున రెండు చోట్ల నిలువయున్నది: దవుడ క్రింది లాలాజల గ్రంథియందును, ఆంత్రమూలపు గోడలోనుండు బ్రన్నర్ గ్రంథులయందును. ఆమ్లము మొదట వచ్చి తాకు ప్రేగుభాగముననే పుండును మాన్పు పదార్థము సిద్ధముగా నున్నదన్నమాట. పైనుండి లాలాజలముద్వారా కూడ అది దిగివచ్చుచుండును.

ఎలుకలు చెప్పిన సాక్ష్యము

ఉండుట వేఱు, పనిచేయుట వేఱు. దానిని నిరూపించుటకు మఱల జంతువులే కావలసివచ్చెను. మాంట్రియల్ నగరమున హన్స్ సెల్యే, శాండొర్ సాబో అను వారు 1973లో సిస్టెయమీను అను రసాయనముతో ఎలుకల ఆంత్రమూలమున ఒకటి రెండు దినములలో పుండు పుట్టించు పద్ధతిని కనిపెట్టిరి. కుక్కలకు చేయు కఠినమైన శస్త్రచికిత్స అవసరము ఇందువలన చాలవఱకు తగ్గెను.

కోపెన్‌హాగెన్ పరిశోధకులు 1980లలో ఈ ఎలుకలను రెండు విధములుగా పరీక్షించిరి. దవుడ క్రింది లాలాజల గ్రంథులను తొలగించినపుడు పుండ్లు మానుట ఆలస్యమయ్యెను. కృత్రిమముగా తయారుచేసిన మానవ యూరోగాస్ట్రోనును నోటిద్వారా ఇచ్చినపుడు పుండ్లు త్వరగా మానెను. పోలండు దేశమున క్రాకో నగరపు పరిశోధకులును 1988లో ఇట్టి ఫలితములనే ప్రకటించిరి. నోటిద్వారా ఇచ్చిన వృద్ధికారకము ఆమ్లమును తగ్గింపదు. ఐనను పుండు మానినది. చేయి పట్టుకొనుటా, చేయూతనిచ్చుటా అను పాతవాదమునకు సమాధానము దొరకెను. ఒకే పదార్థము రెండు పనులును చేయగలదు. పుండు మానుటకు రెండవదియే చాలును.

బోస్టన్ నగరమున జూడా ఫోక్‌మన్, సాబో బృందము 1991లో ఇంకొక అడుగు వేసెను. పైపొర పెరిగినంతమాత్రమున చాలదు. దానికి రక్తము కావలెను. పునాదిలేని గోడ నిలువదు. క్రొత్త రక్తనాళములను మొలపించు ‘ఫైబ్రోబ్లాస్ట్ వృద్ధికారకము’ను ఆమ్లమునకు చెడని రూపమున తయారుచేసి ఎలుకలకు నోటిద్వారా ఇచ్చిరి. పుండు అడుగున రక్తనాళములు తొమ్మిది రెట్లు పెరిగినవి. ఆమ్లము తగ్గకయే పుండు మానినది.

ఈ పదార్థములు పనిచేయు తీరు క్లుప్తముగా ఇట్లుండును. జీవకణము పైభాగమున గ్రాహకములను ప్రోటీనులు కలవు. వృద్ధికారకము వచ్చి గ్రాహకమును తాకినపుడు రెండు గ్రాహకములు జతపడి కణము లోపలికి సంకేతము పంపును. ఆ సంకేతము నందుకొని పుండు అంచునందలి కణములు ముందుగా చదునై ప్రాకి గుంటను కప్పుటకు యత్నించును. ఇది కొన్నిగంటల పని. పిమ్మట విభజన చెంది క్రొత్తకణములను పుట్టించును. ఇది కొన్నిదినముల పని.

ఇందొక రహస్యము కలదు. ప్రేగు లోపలిపొరయందు ఈ గ్రాహకములు ఆహారము ప్రవహించు వైపున గాక, కణముల ప్రక్కలను, అడుగునను ఉండును. పొర చెక్కుచెదరనంతకాలము లాలాజలముతో దిగివచ్చు వృద్ధికారకము వాటిని చేరజాలదు. పొర చిరిగినచోట మాత్రమే గ్రాహకము బయలుపడును. అచ్చటనే మందు పనిచేయును. వీథి వెంబడి తిరుగు గస్తీవాడు తలుపు విఱిగిన యింటిలోనికి మాత్రమే ప్రవేశించునట్లు, పుండున్నచోటనే పెరుగుదల, లేనిచోట మౌనము. ఆంగ్ల శాస్త్రజ్ఞులైన ప్లేఫర్డ్, రైట్ 1990లలో ఈ భావమును ప్రతిపాదించిరి. అంతకు ముందు 1990లో రైట్ బృందము మానవుల ప్రేగులలో దీర్ఘకాలపు పుండుల ప్రక్కన ఒక క్రొత్త కణవంశము పుట్టి, అది స్వయముగా ఈ వృద్ధికారకమును స్రవించుచున్నదని చూపెను. పుండు తన వైద్యుని తానే కనుచున్నది!

మందు కాలేకపోయిన మందు

ఇంతటి మహిమగల పదార్థము కడుపుపుండునకు మాత్రగా అంగడిలో ఏల దొరకదు? ఇందుకు మూడు కారణములు కలవు.

మొదటిది, పోటీ. జేమ్స్ బ్లాక్ కృషివలన సిమెటిడిన్ అను ఆమ్లనిరోధక ఔషధము 1976లో బ్రిటన్‌లో అమ్మకమునకు వచ్చెను. 1980ల చివర ఒమెప్రజోల్ వచ్చెను. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనువారు 1982లో హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవిని వేఱుచేసి, అత్యధికముగా పుండ్లకు కారణము అదియేయని చూపిరి. ఒకటి రెండు వారముల మందులతో సూక్ష్మజీవిని నిర్మూలించినయెడల పుండు మానుటయే గాక మఱల రాకుండును. వారికి 2005లో నోబెల్ బహుమానము లభించెను. కూల్చువాడు పట్టుబడిన పిమ్మట కట్టువాని అవసరము తగ్గెను.

రెండవది, ప్రోటీను స్వభావము. వృద్ధికారకము ప్రోటీను, జీర్ణాశయము ప్రోటీనులను కోసివేయును. పరగడుపున ఇచ్చిన వృద్ధికారకము తోక తెగి బలహీనమగునని, పాలలోని కేసీన్ దానిని కాపాడునని 1993లో ప్లేఫర్డ్ బృందము చూపెను. తల్లిపాలలో ఈ వృద్ధికారకమును, దానిని కాపాడు ప్రోటీనును కలసియే యుండుట ప్రకృతి చేసిన ఏర్పాటు.

మూడవది, మిక్కిలి గంభీరమైనది. 1984లో కోళ్లకు రక్తక్యాన్సరు కలిగించు ఒక వైరసును పరిశీలించినవారు అందలి క్యాన్సరు జన్యువు ఈ వృద్ధికారకపు గ్రాహకమునకే వికృతరూపమని కనుగొనిరి. ఎవరును తాకకున్నను ఆ వికృత గ్రాహకము ‘పెరుగుము, పెరుగుము’ అని ఎడతెగక ఆజ్ఞాపించుచుండును. పుండును మాన్పు తాళముచెవియు, క్యాన్సరును తెఱచు తాళముచెవియు ఒకటియే. ఆగుట తెలిసిన పెరుగుదల మానుదల. ఆగుట తెలియని పెరుగుదల క్యాన్సరు. గెఫిటినిబ్, సెటుక్సిమాబ్ మున్నగు ఔషధములు 2003, 2004 సంవత్సరములలో అమెరికాలో అనుమతి పొంది, ఈ గ్రాహకమునకు అడ్డుపడి కొన్ని క్యాన్సరులను అదుపుచేయుచున్నవి. వానిని వాడువారికి తఱచుగా చర్మముపై దద్దురులును, అతిసారమును కలుగును. చర్మమునకు, ప్రేగునకు ఈ పదార్థము ఎంత అవసరమో ఈ బాధలే చెప్పకచెప్పుచున్నవి. 1995లో ఈ గ్రాహకము లేకుండ పుట్టించిన చిట్టెలుక పిల్లలు చర్మమునందును, ఊపిరితిత్తులయందును, ప్రేగులయందును లోపములతో పుట్టి, స్వల్పకాలములోనే మరణించినవి.

వేఱు రోగులకు చేరిన ఫలము

ఒకచోట మూసికొనిన తలుపు వేఱుచోట్ల కొంత తెఱచుకొనెను. నెలలు నిండకుండ పుట్టిన శిశువులకు ప్రేగు కుళ్లి ప్రాణము తీయు వ్యాధి ఒకటి కలదు. తల్లిపాలు త్రాగు శిశువులకు ఇది తక్కువ. అమెరికాలోని అరిజోనా పరిశోధకులు 2002లో ఎలుక పిల్లలలో ఈ వ్యాధిని కల్పించి, డబ్బాపాలలో వృద్ధికారకమును కలిపి పట్టగా వ్యాధియు, దాని తీవ్రతయు తగ్గెను. బిడ్డకు మొదట తల్లి యొసగు ముఱ్ఱుపాల విలువను పెద్దలు అనుభవముచే ఎఱిగియుండిరి. పశువుల ముఱ్ఱుపాలు నొప్పిమాత్రలవలన ఎలుకల కడుపులోను, చిట్టెలుకల ప్రేగులలోను కలుగు గాయములను తగ్గించునని 1999లో ప్రయోగపూర్వకముగా చూపబడెను.

పెద్దప్రేగు పుండ్ల వ్యాధియందు 2003లో ఇంగ్లండులో ఒక చిన్న ప్రయోగము జరిగెను. 24 మంది రోగులను రెండు సమభాగములుగా విభజించి, ఒక భాగమునకు వాడుక మాత్రలతోపాటు వృద్ధికారకమును వస్తిగా రెండు వారములు ఇచ్చిరి. వారిలో 12 మందికి 10 మంది కోలుకొనిరి. రెండవ భాగమున 12 మందికి ఒక్కరే. మందు రక్తములో గాక పుండుమీదనే పడునట్లు ఇచ్చుట ఇందలి వివేకము. అయితే ఇది చిన్న ప్రయోగము. మఱియొక వృద్ధికారకమును సూదిమందుగా అదే వ్యాధికి వాడిచూచినపుడు మేలు కనబడలేదు. ఎలుకలో మానిన పుండు మనుష్యునిలో మానవలెనను నియమము లేదు.

టొరంటో నగరమున డేనియల్ డ్రక్కర్ బృందము 1996లో చిట్టెలుకల చిన్నప్రేగును పెంచు జి.ఎల్.పి-2 అను హార్మోను గుణమును కనుగొనెను. దానినుండి రూపొందిన టెడుగ్లూటైడ్ ప్రేగులో అధికభాగము కోల్పోయిన రోగులకొఱకు 2012లో అమెరికాలో అనుమతి పొందెను. రక్తనాళముద్వారా ఆహారమెక్కించుకొని బ్రదుకువారికి అది ఆ అవసరమును తగ్గించుచున్నది. ఐనను పెద్దలకు దానిని మొదలిడుటకు ముందు పెద్దప్రేగును పరీక్షించి, అందు బుడిపెలున్నయెడల తొలగించవలెనని వైద్యులకు ఆదేశము. పెంచు మందుతోపాటు పెరుగకూడనిదానిపై నిఘాయు తప్పదు.

ఎక్కువ ఫలము చర్మముమీద పుండ్లకు దక్కెను. మధుమేహరోగుల కాలిపుండ్లకు క్యూబా దేశము ఈ పైపొర వృద్ధికారకమునే సూదిమందుగా 2006లో నమోదుచేసెను. అదే దశాబ్దమున హైదరాబాదునందలి భారత్ బయోటెక్ సంస్థ జన్యుపద్ధతిచే మానవ వృద్ధికారకమును తయారుచేసి, కాలిపుండ్లకు లేపనముగా అందించెను. ఒకనాడు వందల లీటర్ల మూత్రములో వెదకిన పదార్థము తెలుగుగడ్డపై తయారగుట గమనింపదగినది. అమెరికాలో ఇట్టి మఱొక వృద్ధికారక లేపనముపై 2008లో క్యాన్సరు భయముచే హెచ్చరిక ముద్రించి, 2018లో దానిని తొలగించిరి. శంకించుట, పరీక్షించుట, శంక తీరినపుడు ఒప్పుకొనుట అనునవి శాస్త్రధర్మములు.

తీరని ఋణము

ఈ శతాబ్దపు చరిత్రలో మేయో వైద్యశాల కుక్కలనుండి నేటి ఎలుకలవఱకు బలియైన మూగప్రాణుల లెక్క ఎవరును వ్రాయలేదు. భారతదేశమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రయోగములపై పర్యవేక్షణకు ఒక కమిటీని కల్పించు అధికారమును కేంద్రప్రభుత్వమున కొసగెను. 1998లో జంతువుల పెంపకమునకును, ప్రయోగములకును నియమావళి వెలువడెను. అనవసరముగా ఒక్క ప్రాణమునైనను బాధింపరాదని వాని ఆశయము. నేడు మానవకణములనుండి పరిశోధనశాలలో పెంచిన చిన్న ప్రేగుముక్కలు కొన్ని ప్రయోగములలో జంతువుల స్థానమును ఆక్రమించుచున్నవి. వానిని పెంచు ద్రవములో కలుపు ముఖ్యపదార్థములలో ఒకటి కోహెన్ చిట్టెలుక గ్రంథిలో కనుగొనిన ఆ వృద్ధికారకమే.

ఇన్ని ప్రాణములు పోసి నేర్చిన పాఠము చిన్నది, కాని బరువైనది. శరీరమునకు తన గాయమును తాను మాన్పుకొను శక్తి పుట్టుకతోనే కలదు. లాలాజలమునందును, తల్లిపాలయందును, ప్రేగుగోడయందును అది సిద్ధముగా నున్నది. వైద్యుని పని ఆ శక్తికి అడ్డు తొలగించుట, లోటున్నచోట దానిని చేర్చుట, పని ముగిసినంతనే దానిని ఆపుట. ఇందు మొదటి పని ఆమ్లనిరోధకములతోను, సూక్ష్మజీవి నిర్మూలనముతోను చాలవఱకు నెఱవేరెను. రెండవది సగము నెఱవేరెను. మూడవది, అనగా పెరుగుటకు ఆజ్ఞయిచ్చిన చేతితోనే ఆగుటకు ఆజ్ఞయిచ్చుట, ముందు తరములవారికొఱకు మిగిలియున్నది.